ఒక బంటు వెల ఎంత?

1923 జూలై. చెకొస్లొవాకియా దేశంలో ఓస్ట్రావా అనే బొగ్గు, ఇనుము పరిశ్రమల ఊరు. అక్కడ జరిగిన చదరంగం పోటీకి పద్నాలుగుమంది ఉద్దండులు వచ్చారు. రెండేళ్ళ కిందటే ప్రపంచ ఛాంపియన్ బిరుదు పోగొట్టుకున్న ఇమాన్యుయెల్ లాస్కర్ ఉన్నాడు. రూబిన్‌స్టైన్, రేటి, తర్తకోవర్, బొగొల్యూబోవ్ ఉన్నారు. ముందుముందు ప్రపంచ ఛాంపియన్ కాబోయే హాలెండు యువకుడు మాక్స్ ఆయ్వే కూడా ఉన్నాడు. పోటీ గెలిచింది లాస్కరే. కాని ఇవాళ నేను మీకు చెప్పబోయేది ఆయన ఆట కాదు. 61 ఏళ్ళ జర్మన్ వైద్యుడొకాయన నల్లపావులతో, ఆరంభంలోనే ఒక బంటును చేజేతులా ఇచ్చేసి, 26 ఎత్తుల్లో గెలిచిన ఆట.

వందేళ్ళ నాటి ఆట ఇప్పుడెందుకంటే, కారణం ఉంది. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పటి నుంచి మన ఇళ్ళల్లో అటకల మీది చదరంగం బల్లలు కిందికి దిగాయి. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం బిడ్డ, పద్ధెనిమిదేళ్ళకే, చివరి ఆటలో నల్లపావులతో డింగ్ లిరెన్‌ను ఓడించి పట్టం కట్టించుకున్నాడంటే మనకు ఆ మాత్రం పొంగు సహజమే. మన సంఘం హాలులో ఆదివారాలు పిల్లలకు ఆట నేర్పే పని నా నెత్తిన పడింది కూడా అప్పుడే. అక్కడ పిల్లలూ పెద్దలూ కూడా నన్ను మాటిమాటికీ అడిగే ప్రశ్న ఒకటుంది: "గ్యాంబిట్ అంటే ఏమిటి? ఊరికే బంటును ఇచ్చేయడమేమిటి?" దానికి జవాబు చెప్పడానికి ఓస్ట్రావా ఆటకంటే మంచిది నాకు దొరకలేదు.

పావుల పేర్లతో మొదలెడదాం

ముందుగా ఒక చిక్కు తీర్చుకోవాలి. నేను పుట్టింది బరంపురంలో. బ్యాంకు ఉద్యోగం నాగపూరు తిప్పి, చివరికి చెన్నైలో దింపింది. ఊరు మారినప్పుడల్లా పావుల పేర్లూ మారాయి. మా ఇంట్లో రాజు పక్కన నిలబడేది మంత్రి. నాగపూరులో అది వజీరయింది. మనం శకటు అనేదాన్ని అక్కడ ఒంటె అన్నారు. చెన్నైకి వస్తే అసలు గందరగోళం మొదలైంది. తమిళంలో మంత్రి అంటే మన శకటు! రాజు పక్కది రాణి. "మంత్రిని కదుపు" అని నేనంటే ఇక్కడి మన పిల్లలు శకటును పట్టుకుంటారు.

కాబట్టి ఈ వ్యాసం మట్టుకు మా పెదనాన్నగారు నేర్పిన పేర్లే వాడతాను: రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు. ఇంగ్లీషువాళ్ళ క్వీన్ మన మంత్రి, రూక్ ఏనుగు, బిషప్ శకటు. గడుల పేర్లు అందరికీ తెలిసినవే. తెల్లపావులవైపు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. కింది నుంచి పైకి 1 మొదలు 8 దాకా.

వీలైతే ఇక్కడ ఒక్క నిమిషం ఆగి బల్ల పరిచి పావులు పేర్చుకోండి. ఆట చదవడం వేరు, చేత్తో కదిపి చూడడం వేరు.

కాలు అడ్డం పెట్టడం

గ్యాంబిట్ అనే మాట ఇటలీ నుంచి వచ్చింది. అక్కడ గాంబా అంటే కాలు. కుస్తీలో కాలు అడ్డం పెట్టి ఎదుటివాణ్ణి పడగొట్టే పట్టుకు గాంబెత్తో అని పేరు. దాన్ని చదరంగంలోకి తెచ్చినవాడు స్పెయిన్ దేశపు క్రైస్తవ మతగురువు రుయ్ లోపెజ్. 1561లో అచ్చయిన ఆయన గ్రంథంలో ఈ మాట ఉంది. 2020లో ఒక టెలివిజన్ సీరియల్ పుణ్యమా అని చదరంగం తెలియనివాళ్ళకు కూడా ఈ మాట నోట పలికింది. అర్థం మాత్రం ఆ పాతదే. ఆట మొదట్లోనే ఒక బంటునో, ఒక్కోసారి అంతకంటే పెద్ద పావునో ఇచ్చి, బదులుగా మరొకటి రాబట్టుకోవడం.

ఆ "మరొకటి" ఏమిటన్నదే అసలు సంగతి. సాధారణంగా అది కాలం. అవతలివాడు మన బంటును తినడానికి ఒక ఎత్తు, దాన్ని కాపాడుకోవడానికి మరో ఎత్తు ఖర్చు పెడతాడు. ఆ రెండు ఎత్తుల్లో మనం గుర్రాన్నీ శకటునూ బయటికి తెచ్చుకుంటాం, రాజును కోటలో పెట్టుకుంటాం, ఏనుగుకు దారి తెరుచుకుంటాం. అంటే బంటు డబ్బు, కాలం సరుకు. బేరం లాభమా నష్టమా అన్నది ఆ తరువాత ఆ సరుకును ఎలా వాడుకున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. నిలవ ఉంచితే పాడైపోయే సరుకిది. నాలుగైదు ఎత్తుల్లో వాడుకోకపోతే అవతలివాడు కూడా తన పావుల్ని తెచ్చుకుంటాడు. అప్పుడు మనకు మిగిలేది పోయిన బంటు ఒక్కటే.

ఆ ఇద్దరూ

తెల్లపావుల వెనక కూర్చున్నది రుడోల్ఫ్ స్పీల్‌మన్. వియన్నాలో పుట్టినవాడు, అప్పటికి 40 ఏళ్ళు. గ్యాంబిట్ అంటే ప్రాణం పెట్టేవాడు. 1912లో అబ్బాజియాలో, అందరూ ఒప్పుకుని కింగ్స్ గ్యాంబిటే ఆడాలన్న నియమంతో ఒక పోటీ జరిగితే అందులో మొదటి బహుమతి ఆయనదే. "కింగ్స్ గ్యాంబిట్ చివరి యోధుడు" అని పేరు పడ్డవాడు. కాని ఆ గ్యాంబిట్‌కు రోజులు బాగా లేవు. రక్షణ విద్య పెరిగింది. ఇచ్చిన బంటును తిని అరాయించుకోవడం అందరికీ తెలిసిపోయింది. ఆ రోజుల్లోనే స్పీల్‌మన్ కింగ్స్ గ్యాంబిట్ రోగశయ్య మీద ఉందన్న అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాశాడు. తను నమ్ముకున్న విద్య తన కళ్ళముందే మూలపడుతోందన్న దిగులుతో ఓస్ట్రావాకు వచ్చాడన్నమాట.

నల్లపావుల వెనక కూర్చున్నది డాక్టర్ జీగ్‌బెర్ట్ టారాష్. 1862లో బ్రెస్లావ్‌లో పుట్టాడు. వృత్తి వైద్యం. 1889 నుంచి 1894 లోపల బ్రెస్లావ్, మాంచెస్టర్, డ్రెస్డెన్, లైప్‌జిగ్ పోటీలు వరుసగా గెలిచాడు. 1898లో వియన్నా పోటీ కూడా ఆయనదే. 1908లో లాస్కర్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆడి ఓడిపోయాడు. ఆయన పుస్తకాలు చదివి ఒక తరం తరమే ఆట నేర్చుకుంది. "జర్మనీకి పంతులుగారు" అని బిరుదు. పావుల్ని త్వరగా బయటికి తీయండి, రాజును భద్రపరచండి, ఏనుగుకు తెరిచిన దారి ఇవ్వండి, ఇవీ ఆయన సూత్రాలు. కుర్రకారు ఆయన్ని చాదస్తపు పంతులని ఎగతాళి చేసేవారు. అంతా పుస్తకం ప్రకారమే తప్ప సాహసం లేదనేవారు.

సాహసానికి మారుపేరు ఒకవైపు, సూత్రాలకు మారుపేరు మరోవైపు. ఇక చూడండి.

గ్యాంబిట్‌కు ఎదురు గ్యాంబిట్

స్పీల్‌మన్ మొదట రాజు ముందరి బంటును రెండు గడులు తోశాడు. టారాష్ కూడా అదే చేశాడు. రెండో ఎత్తుకు స్పీల్‌మన్ ఎఫ్4కు బంటును తోసి తినమని చూపించాడు. అదే కింగ్స్ గ్యాంబిట్. టారాష్ దాన్ని తినలేదు. పైగా తన మంత్రి ముందరి బంటును డి5కు తోసి "నువ్వే నాది తిను" అన్నాడు. దీన్ని ఫాల్క్‌బీర్ ఎదురు గ్యాంబిట్ అంటారు. ఏర్న్‌స్ట్ ఫాల్క్‌బీర్ 1819లో మొరావియాలోని బ్రనో ఊళ్ళో పుట్టి, వియన్నాలో చదరంగం పత్రిక స్థాపించినవాడు. ఓస్ట్రావా కూడా ఆ మొరావియా ప్రాంతంలోదే. అంటే ఆ ఎత్తు పుట్టినవాడి సీమకే తిరిగి వచ్చిందనుకోవచ్చు.

ఇక్కడ తెలుపు ఆశపడి ఎఫ్ బంటుతో ఇ5ను తింటే కొంప మునుగుతుంది. నల్లమంత్రి హెచ్4కు వచ్చి చెక్ చెబుతుంది. జి3 అని అడ్డుపెడితే ఇ4 బంటును తిని మళ్ళీ చెక్ చెప్పి, మూలనున్న ఏనుగును కూడా పట్టుకుంటుంది. స్పీల్‌మన్‌కు ఇది తెలియనిది కాదు. ఆయన డి5 బంటును తిన్నాడు. టారాష్ ఆ బంటును తిరిగి తినడానికి ప్రయత్నించకుండా ఇ5 బంటును ఇ4కు తోశాడు. ఆ చిన్న బంటు తెల్లగుర్రం రావలసిన ఎఫ్3 గడి మీద కాపలా కూర్చుంది. ఒక బంటు పోయింది, అవతలి ఇంట్లో ఇరుకు ఏర్పడింది.

స్పీల్‌మన్ డి3 ఆడి ఆ కాపలాను తీసేయించాడు. బంట్లు మారాక నల్లగుర్రం ఇ4లో నిలబడింది. తెల్లగుర్రం ఎఫ్3కు, నల్లశకటు సి5కు వచ్చాయి. ఏడో ఎత్తుకు తెల్లమంత్రి ఇ2కు వచ్చి నల్లగుర్రాన్ని గురిపెట్టింది. ఆ గుర్రం కదలలేదు, దాని వెనకే తన రాజు ఉన్నాడు. టారాష్ రెండో శకటును ఎఫ్5లో పెట్టి గుర్రానికి దన్ను ఇచ్చాడు.

ఎనిమిదో ఎత్తు

ఇప్పుడు స్పీల్‌మన్ జి4 ఆడాడు. ఎఫ్5లోని శకటును బంటుతో తరిమాడు. చూడ్డానికి ఎంత చక్కటి ఎత్తు! శకటు పక్కకు తప్పుకుంటే గుర్రం పోతుంది. జి6కు వెనక్కి తగ్గితే ఎఫ్5 అని మరో బంటు తరుముకొస్తుంది. ఏదో ఒక పావు పోవడం ఖాయమనిపిస్తుంది.

టారాష్ ఏం చేశాడనుకున్నారు? శకటును ముట్టుకోలేదు. గుర్రాన్ని ముట్టుకోలేదు. నిమ్మళంగా కోట కట్టాడు.

రాజు జి8కు, ఏనుగు ఎఫ్8కు. అంతే. రాజును భద్రపరచమని పాతికేళ్ళుగా తను పుస్తకాల్లో రాస్తున్న సూత్రమే. కాని ఆ ఒక్క ఎత్తుతో బల్ల తలకిందులైంది. ఇంతవరకు ఇ వరుసలో ఇరుక్కున్నది నల్లరాజు. ఇప్పుడతను పక్కకు తప్పుకున్నాడు. అదే వరుసలో తెల్లమంత్రి, దాని వెనక తెల్లరాజు మిగిలిపోయారు. ఏ బాట మీద తెలుపు దాడికి వచ్చిందో అదే బాట మీద నల్ల ఏనుగు ఎదురు రాబోతోంది.

స్పీల్‌మన్ శకటును తిన్నాడు. ఏనుగు ఇ8కు వచ్చింది. ఇప్పుడు గుర్రం ఎక్కడికి గెంతినా దాని వెనకనుంచి ఏనుగు మంత్రిని కొడుతుంది. స్పీల్‌మన్ శకటును జి2కు తెచ్చాడు. గుర్రం ఎఫ్2కు గెంతింది. ఏనుగు గురి మంత్రి మీద, గుర్రం గురి మూలనున్న ఏనుగు మీద. గుర్రాన్ని తినడానికి వీల్లేదు. సి5 శకటు కాపు కాస్తోంది కాబట్టి రాజు తినలేడు. మంత్రి పక్కకు తప్పుకుంటే రాజుకు చెక్ కాబట్టి మంత్రి కూడా కదలలేదు. స్పీల్‌మన్ తన గుర్రాన్ని ఇ5లో అడ్డుపెట్టాడు. నల్లగుర్రం హెచ్1 ఏనుగును తిని, తనూ శకటుకు బలైపోయింది.

ఇప్పుడు పద్దు చూద్దాం

జీవితమంతా బ్యాంకులో లెక్కలు చూసినవాణ్ణి కనుక ఇక్కడ ఆగి ఒక పద్దు వేస్తాను. చదరంగంలో వాడుక విలువలు మీకు తెలుసు. బంటుకు 1, గుర్రానికీ శకటుకూ 3 చొప్పున, ఏనుగుకు 5, మంత్రికి 9.

12వ ఎత్తు తెలుపు ఆడాక మంత్రుల్ని, రాజుల్ని పక్కన పెట్టి కూడితే తెలుపు దగ్గర ఒక ఏనుగు, రెండు శకట్లు, రెండు గుర్రాలు, ఏడు బంట్లు. మొత్తం 24. నలుపు దగ్గర రెండు ఏనుగులు, ఒక శకటు, ఒక గుర్రం, ఆరు బంట్లు. మొత్తం 22. పుస్తకంలో చూస్తే తెలుపుకు రెండు మిగులు. ఈ ఖాతా చూసి ఏ మేనేజరైనా తెలుపుకు అప్పు మంజూరు చేస్తాడు.

కాని ఆ 24లో ఎంత పని చేస్తోంది? ఎ1లోని ఏనుగు, బి1లోని గుర్రం, సి1లోని శకటు పుట్టిన గడి వదిలి అడుగైనా వేయలేదు. అంటే 11 విలువ గల ఆస్తి తాళం వేసిన కొట్లో ఉంది. రాజు నట్టనడి వీధిలో నిలబడి ఉన్నాడు. ఇక కోట కట్టుకునే తీరిక లేదు. నలుపు రాజేమో ఇంట్లో భద్రంగా కూర్చున్నాడు. టారాష్ ఇచ్చిన బంటుకూ శకటుకూ వచ్చిన సరుకు ఇది.

ఆ సరుకును ఆయన ఒక్క ఎత్తు కూడా నిలవ ఉంచలేదు. గుర్రం డి7కు వచ్చి అడ్డున్న ఇ5 గుర్రాన్ని కొట్టింది. ఎఫ్6 బంటు దానికి తోడయింది. నాలుగు ఎత్తుల్లో పావులు మారాయి. 16వ ఎత్తు తెలుపు ఆడాక మళ్ళీ కూడండి: అటు 18, ఇటు 18. తూకం సమమయింది. కాని ఆడవలసిన వంతు నలుపుది, రాజు మీద దుప్పటి లేనిది తెలుపుకు. నల్లమంత్రి హెచ్4కు వచ్చి చెక్ చెప్పింది. రాజు ఎఫ్1కు, అక్కడ ఏనుగు తగులుకుంటే జి1కు పరుగెత్తాడు. మంత్రి డి4లో మరో చెక్ చెప్పి ఇ5 బంటును తీసుకుంది. ఇక్కణ్ణుంచి నలుపు పద్దు కూడా పైకి వచ్చింది.

స్పీల్‌మన్ ఊరికే లొంగే మనిషి కాదు. మంత్రిని సి4లో పెట్టి, డి5 బంటును తోస్తే రాజుకు చెక్ పడేలా చూశాడు. టారాష్ రాజును హెచ్8 మూలకు జరిపాడు. ఎంత దాడిలో ఉన్నా ఇంటి తలుపు గడియ చూసుకోవడం మరిచిపోలేదు. తరువాత రెండో ఏనుగును కూడా ఇ8కు తెచ్చాడు. 24వ ఎత్తులో గుర్రం ఎఫ్6కు వచ్చింది. తెల్లశకటు దాన్ని తినక తప్పలేదు. టారాష్ దాన్ని ఏనుగుతో తినవచ్చు. అలా చేయక, తన రాజు ముందున్న జి బంటుతో తిన్నాడు. సొంత కోటగోడ తనే పగలగొట్టుకున్నాడు. ఎందుకంటే ఆ గోడ పడితేనే జి వరుసలో ఏనుగుకు దారి.

స్పీల్‌మన్ హెచ్3 ఆడి రాజుకు ఊపిరి తీసుకునే గడి ఒకటి చేశాడు. ఏనుగు జి8కు వచ్చి చెక్ చెప్పింది. స్పీల్‌మన్ ఓటమి ఒప్పుకున్నాడు. రాజు హెచ్1కు వెళ్తే మంత్రి ఎఫ్1లో చెక్, రాజు హెచ్2కు వెళ్తే మంత్రి జి1లో ఆటకట్టు. శకటును జి2లో అడ్డుపెడితే నల్లమంత్రి మూడో ఇంటి దూరాన కాపు లేకుండా ఉన్న సి4 మంత్రిని తినేస్తుంది. ఏనుగును జి2లో అడ్డుపెడితే ఇ4 శకటు పోతుంది. ఏ దారీ లేదు.

ఎవరు సాహసి?

ఈ ఆటను నేను పిల్లలకు చూపించినప్పుడల్లా ఒక ప్రశ్న వేస్తాను. ఈ ఇద్దరిలో గ్యాంబిట్ తత్త్వం తెలిసినవాడెవరు? అందరూ టారాష్ అనే అంటారు. మరి జీవితమంతా గ్యాంబిట్లే ఆడిన స్పీల్‌మన్ మాటేమిటి?

నాకు తోచింది ఇది. స్పీల్‌మన్‌కు ఇవ్వడం బాగా తెలుసు. ఆ రోజు ఎదుటివాడు ఇస్తుంటే తీసుకోవలసి వచ్చింది. తీసుకునేటప్పుడు, ఇచ్చేవాడికి ఏం ముడుతోందని అడగాలి. జి4 ఆడినప్పుడు ఆయన చూపు రాబోయే పావు మీద ఉంది, తన రాజు మీద లేదు. దాని బదులు గుర్రాన్ని సి3కు తెచ్చుకుని ఉంటే తెలుపే మెరుగు అని తరువాతి కాలపు పరిశీలనలో తేలింది. అందువల్లనే పెద్ద పోటీల్లో ఫాల్క్‌బీర్ ఎదురు గ్యాంబిట్ ఇప్పుడు అరుదు. అంటే టారాష్ వేసిన బేరం కూడా సంపూర్ణంగా నిర్దోషమైనది కాదు. అయినా గెలిచాడు. తను ఇచ్చిందానికి ఏం వచ్చిందో ఆయనకు ప్రతి ఎత్తులోనూ గుర్తుంది. చాదస్తమని నవ్విన సూత్రాలే, పావు తీయి, కోట కట్టు, దారి తెరువు అన్నవే, ఆ రోజు సాహసంగా మారాయి. సాహసం సూత్రాలకు విరోధి కాదు. లెక్క తెలిసినవాడు చేస్తే దాని పేరు గ్యాంబిట్. లెక్క తెలియనివాడు చేస్తే దాని పేరు పోగొట్టుకోవడం.

స్పీల్‌మన్ మీద నాకు గౌరవం ఏమాత్రం తగ్గలేదు. 1935లో ఆయన పావుల త్యాగం మీద ఒక మంచి పుస్తకం రాశాడు. ఫలితం ముందే లెక్కకు అందే త్యాగం ఉత్త లావాదేవీ అనీ, లెక్కకు అందనిదే నిజమైన త్యాగమనీ అందులో విడదీసి చూపాడు. యూదుడు కావడం వల్ల నాజీల బారి నుంచి పారిపోయి, 1942లో స్టాక్‌హోమ్‌లో పేదరికంలో కన్నుమూశాడు. టారాష్ 1934లోనే మ్యూనిక్‌లో పోయాడు. ఆట మాత్రం మిగిలింది.

మన ఇళ్ళలో ఈ లెక్క

మా ఆదివారం తరగతికి వచ్చే ఎనిమిదో తరగతి పాప ఒకతి ఉంది. బంటు పోతుందంటే ప్రాణం పోయినంత బాధపడుతుంది. ప్రతి బంటునూ కాపాడుతూ కాపాడుతూ చివరికి రాజును పోగొట్టుకుంటుంది. ఆ పిల్లకు ఓస్ట్రావా ఆట చూపించాను. కోట కట్టిన ఎత్తు దగ్గర చాలాసేపు బల్ల చూసి, "తాతయ్యా, ఈయన శకటును మరిచిపోలేదు కదూ?" అంది. మరిచిపోలేదమ్మా, దానికి వెల కట్టాడు అన్నాను. ఆ మాట బాగా పట్టుకుంది. ఇప్పుడు ఏ పావు పోతున్నా "దీనికి ఏం వచ్చింది?" అని వేళ్ళ మీద లెక్క వేసుకుంటుంది. అన్ని ఆటలూ గెలవడం లేదు గాని, ఎందుకు ఓడిందో చెప్పగలుగుతోంది.

మొన్న వాళ్ళ నాన్న నన్ను పక్కకు పిలిచాడు. "బాబాయిగారూ, పిల్లను బయటి పోటీలకు పంపమంటున్నారు. చదువు ఏమవుతుంది? గుకేశ్ నాన్నగారు డాక్టరీ ప్రాక్టీసు పక్కన పెట్టి కొడుకు వెంట తిరిగారట. అబ్బాయిని నాలుగో తరగతి తరువాత రోజూ బడికి పంపడం మానేశారట. మనవల్ల అవుతుందా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఆ కుటుంబం ఇచ్చింది బంటు కాదు, అంతకంటే పెద్ద పావు. వాళ్ళకు ఫలితం వచ్చింది కనుక మనం చెప్పుకుంటున్నాం. అలాగే ఇచ్చి, ఫలితం రాని ఇళ్ళ గురించి పత్రికల్లో రాదు.

నేను అతనికి వెళ్ళమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. టారాష్ లెక్కే చెప్పాను. ఏమి ఇస్తున్నావు? నెలకు రెండు ఆదివారాలా, ఒక ఏడాది చదువా? బదులుగా ఏమి వస్తోంది? కప్పు రాకపోయినా పిల్లకు వచ్చేది ఏమైనా ఉందా? ఇచ్చింది వృథా అవుతోందని ఎన్నో ఎత్తులో తెలుస్తుంది, అప్పుడు ఆగే వీలుందా? ఈ మూడింటికీ ఇంట్లో అందరూ కూర్చుని, పిల్లను కూడా కూర్చోబెట్టుకుని జవాబు చెప్పుకోగలిగితే వెళ్ళవచ్చు. జవాబు లేకుండా వెళ్ళడం, భయంతో అసలు కదలకపోవడం, రెండూ నష్టమే. వాళ్ళు ఏడాదికి మూడు పోటీలని నిర్ణయించుకున్నారు, పరీక్షల నెలల్లో ఏదీ లేకుండా. అది వాళ్ళ బేరం. మీ ఇంటి బేరం వేరుగా ఉండవచ్చు.

ఆలోచిస్తే మనందరి ఇళ్ళలోనూ ఎప్పుడో ఒకరు ఇలాంటి లెక్క వేసే ఉంటారు. ఊళ్ళో ఉన్న కాస్త నేలనో, పెద్ద కుటుంబపు అండనో వదిలి భాష తెలియని చోటికి రైలెక్కిన తాతముత్తాతలు ఏమి ఇచ్చారో వాళ్ళకు తెలుసు. ఏమి వచ్చిందో మనకు తెలుసు. వచ్చినదాన్ని నిలవ ఉంచి పాడుచేయకుండా వాడుకోవడం మన వంతు ఎత్తు.

ఇక ఆట మొత్తం కింద ఇస్తున్నాను. సెలవురోజు మధ్యాహ్నం పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆడి చూడండి. ఎనిమిదో ఎత్తు దగ్గర ఆపి, నలుపు ఏమి ఆడాలో వాళ్ళనే అడగండి. జవాబు వెంటనే చెప్పకండి.

(రా రాజు, మం మంత్రి, ఏను ఏనుగు, శ శకటు, గు గుర్రం. గడి పేరు ఒక్కటే ఉంటే బంటు. × తినడం.)

తెలుపు: స్పీల్‌మన్, నలుపు: టారాష్, ఓస్ట్రావా, 1923.

1. ఇ4 ఇ5
2. ఎఫ్4 డి5
3. ఇ×డి5 ఇ4
4. డి3 గు-ఎఫ్6
5. డి×ఇ4 గు×ఇ4
6. గు-ఎఫ్3 శ-సి5
7. మం-ఇ2 శ-ఎఫ్5
8. జి4 కోట (రాజువైపు)
9. జి×ఎఫ్5 ఏను-ఇ8
10. శ-జి2 గు-ఎఫ్2
11. గు-ఇ5 గు×హెచ్1
12. శ×హెచ్1 గు-డి7
13. గు-సి3 ఎఫ్6
14. గు-ఇ4 ఎఫ్×ఇ5
15. గు×సి5 గు×సి5
16. ఎఫ్×ఇ5 మం-హెచ్4 చెక్
17. రా-ఎఫ్1 ఏను-ఎఫ్8
18. రా-జి1 మం-డి4 చెక్
19. శ-ఇ3 మం×ఇ5
20. ఏను-ఇ1 గు-డి7
21. మం-సి4 రా-హెచ్8
22. శ-ఇ4 ఏను (ఎ8 లోది)-ఇ8
23. శ-డి4 మం-ఎఫ్4
24. ఏను-ఇ2 గు-ఎఫ్6
25. శ×ఎఫ్6 జి×ఎఫ్6
26. హెచ్3 ఏను-జి8 చెక్. తెలుపు ఓటమి ఒప్పుకుంది.